ఊరి క్లబ్బు పెంచిన చాంపియన్

మంచు మీద గ్రానైట్ రాళ్ళను వలయంలోకి జార్చే కర్లింగ్ ఆటలో చాంపియన్ అయిన సాండ్రా ష్మిర్లర్ కథ రాజమహేంద్రవరంలో ఎవరికి కావాలి అంటే, పిల్లల్ని ఆటల్లో పెట్టాలనుకునే ప్రతి ఇంటికీ కావాలంటాను. కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రంలో బిగ్గర్ అని ఒక ఊరు. జనాభా 2,000 పైచిలుకు. కోనసీమలో ఓ మోస్తరు గ్రామం అంతకంటే పెద్దది. 1963లో అక్కడ పుట్టిన సాండ్రా ఊళ్ళోనే ఆట నేర్చుకుంది. రెజీనాలో నగరపాలక సంస్థ ఉద్యోగం చేసుకుంటూనే 1993, 1994, 1997లో తన జట్టును ప్రపంచ విజేతగా నిలిపింది. 1998లో నగానో ఒలింపిక్స్‌లో మహిళల కర్లింగ్ తొలి స్వర్ణమూ ఆ జట్టుదే. కెనడా తరఫున నగానోకు ఏ జట్టు వెళ్ళాలో తేల్చే ఫైనల్ 1997 చివర్లో బ్రాండన్‌లో జరిగింది. ఆమెకు తొలి కాన్పు అయింది కూడా ఆ ఏడే. ఆ ఫైనల్లో ఆమె దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయిని మంచు మీద వదిలితే, అది పక్కనున్న రాయికి తగిలి, దారి మళ్ళి, వలయం నడుమ ఉన్న ప్రత్యర్థి రాయిని గెంటేసింది. ఒక్క దెబ్బకు మూడు పాయింట్లు! పగలు ఉద్యోగం చేసి, సాయంత్రాలు సాధన చేసే మనిషికి అంత గురి కుదిరిందంటే, ఆమెను పెంచిన ఊరి క్లబ్బుకు అందులో పెద్ద వాటా ఉంది. 2000 మార్చిలో 36 ఏళ్ళకే క్యాన్సర్ ఆమెను తీసుకుపోయినప్పుడు అంత్యక్రియలను టీవీలో దేశమంతా చూసింది.

అది మంచు దేశం, మనకెలా కుదురుతుంది అనవచ్చు. కానీ ఆ ఆట సాగేది కప్పు కింద, యంత్రాలతో గడ్డకట్టించిన మంచు మీద. దాన్ని నిలబెట్టేది సభ్యుల చందా, జీతం పుచ్చుకోని ఊరివాళ్ళ శ్రమ. ఈ రెండూ మనకు కొత్త కాదు. మన అమలాపురం నుంచి సాత్విక్ సాయిరాజ్ రాలేదా అనీ అడగవచ్చు. వచ్చాడు, 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు, గర్వకారణమే. అయితే అతని తండ్రి స్వయంగా వ్యాయామ ఉపాధ్యాయుడు, పైగా సాత్విక్ చిన్న వయసులోనే హైదరాబాదు గోపీచంద్ అకాడమీకి చేరాల్సి వచ్చింది. అలాంటి తండ్రి లేని పిల్ల, ఊరు విడిచి వెళ్ళే స్తోమతు లేని పిల్లవాడు ఏం కావాలి? వాళ్ళకు ఊళ్ళోనే ఆట నేర్పాలంటే డబ్బు కావాలి. మనలాంటి ప్రవాసులం ఊరికి పంపే డబ్బు ముందు బడికీ ఆసుపత్రికీ వెళ్ళాలనే వాదన న్యాయమైనదే. వాటిని తగ్గించమని నేననను. గుడికీ కల్యాణ మండపానికీ ఇచ్చేదానిలో కొంత తీసి, రాజమహేంద్రవరంలో ఒక వార్డు షటిల్ కోర్టుకూ, అక్కడ రోజూ సాయంత్రం ఆట నేర్పే మాస్టారి జీతానికీ ఏటేటా పంపుదాం అంటున్నాను. కోర్టు కట్టి శిలాఫలకం వేయడం తేలిక, ఆ జీతం పదేళ్ళు ఆగకుండా అందించడమే కష్టం.