తాళాల రిజిస్టరు

రెండేళ్ళ పాటు ఆఫీసులో నా పనికి ఒక పేరుండేది: జీరో ట్రస్ట్. సున్నా నమ్మకం. ఈ మాట ఫోన్లో మా నాన్నకి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "జీతం సరిగ్గానే ఇస్తున్నారా?" అన్నాడు.

ఈ పని నా నెత్తిమీదకి రావడానికి కారణం 2020 మార్చి. ఆ వారం మాదాపూర్‌లో మా బిల్డింగ్ లిఫ్టుల దగ్గర కనిపించిన దృశ్యం ఎవరైనా కథగా రాసి ఉంటే అతి అనుకునేవాణ్ణి. ల్యాప్‌టాప్ లేనివాళ్ళు డెస్క్‌టాప్ సీపీయూలని చంటిపిల్లల్లా ఎత్తుకుని కిందకి దిగారు. ఒకాయన దానికి సీటు బెల్టు కూడా పెట్టాడు. కాల్ సెంటర్లు, బీపీఓల వాళ్ళు ఇంటినుంచి పనిచేయడానికి అడ్డుగా ఉన్న షరతుల్ని టెలికాం శాఖ ఆ నెలలోనే సడలించింది. షరతులు సడలాయి గానీ మా వీపీఎన్ సడల్లేదు. రాత్రిపూట సపోర్టు చూసే వందమంది కోసం కొన్న పెట్టె అది. ఒక్కసారిగా రెండువేలమంది దాని మీద పడ్డారు. పొద్దున్నే తొమ్మిదింటికి లాగిన్ అయినవాడు అదృష్టవంతుడు. వాడు భోజనానికి వెళ్ళినా లాగౌట్ అయ్యేవాడు కాదు.

వీపీఎన్ అంటే మన ఇంటినుంచి ఆఫీసు లోపలికి వేసిన ఒక పైపు. దాని తర్కం పెళ్ళి భోజనాల తర్కమే. మండపం గుమ్మం దాటేదాకే ఇబ్బంది. దాటి లోపలికి వచ్చారా, మగపెళ్ళివారు మిమ్మల్ని ఆడపెళ్ళివారి తాలూకు అనుకుంటారు, వాళ్ళు వీళ్ళ తాలూకు అనుకుంటారు. విస్తరి వేసేవాడు అసలు మొహమే చూడడు. ఒక రాత్రి ఏదో కనెక్షన్ సమస్య వెతుకుతూ ఐపీ అడ్రసులో ఒక అంకె తప్పు కొట్టాను. పేరోల్ వాళ్ళ షేర్డ్ ఫోల్డర్ తెరుచుకుంది. ఆ ఏడాది జీతాల పెంపు పట్టిక. వెంటనే మూసేశానని రాస్తే బావుంటుంది. కానీ నా వరస చూశాను, ఇంకో ఇద్దరివి కూడా చూశాను. మర్నాడు సెక్యూరిటీ టీముకి చెప్పాను (చూసిన వరసల సంగతి చెప్పలేదు). నెల తిరక్కుండా నన్ను ఈ ప్రాజెక్టులో వేశారు.

2021 మేలో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయినప్పుడు మా వాళ్ళు అడిగిన డబ్బు అడక్కుండానే ఇచ్చారు. తూర్పు తీరానికి పెట్రోలు, డీజిలు మోసే పైపు అది. ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ ఖాతా, దానికి ఒక్క పాస్‌వర్డ్, రెండో తనిఖీ లేదు. అలా వచ్చారు లోపలికి. కంపెనీ 75 బిట్‌కాయిన్లు చెల్లించింది, అప్పటి లెక్కలో దాదాపు 44 లక్షల డాలర్లు. తర్వాత సెనేట్ కమిటీ ముందు ఆ కంపెనీ సీఈఓ, అది అల్లాటప్పా పాస్‌వర్డేం కాదని, కష్టమైనదేనని వివరణ ఇచ్చుకున్నాడు. నాకు ఆయన మీద జాలేసింది. తలుపు విరిగిపోయాక తాళం మంచి కంపెనీదే అని చెప్పుకోవడం మన ఇళ్ళల్లో కూడా చూస్తుంటాం.

ఈ ఆలోచన మరీ కొత్తదేం కాదు. 2009లో చైనా నుంచి జరిగిన దాడిలో గూగుల్ దెబ్బతింది, 2010 జనవరిలో ఆ సంగతి బయటపెట్టింది. తర్వాత లోపలి నెట్‌వర్క్ అనే ప్రత్యేక హోదానే తీసేసే పని మొదలుపెట్టారు. 2014 చివర్లో దాని మీద మొదటి వ్యాసం వచ్చింది, బియాండ్‌కార్ప్ పేరుతో. ఆఫీసు కుర్చీలో కూర్చున్నా, కాఫీ హోటల్లో కూర్చున్నా ఒకటే తనిఖీ. జీరో ట్రస్ట్ అనే మాటని 2010లో ప్రచారంలోకి తెచ్చిన జాన్ కిండర్‌వాగ్ ఫారెస్టర్ అనే సంస్థలో విశ్లేషకుడు. నమ్మకం అనే మానవ భావాన్ని తీసుకెళ్ళి వైర్లలో పెట్టడమే అసలు తప్పని ఆయన వాదన. వచ్చేది మనిషి కాదు, ప్యాకెట్టు. ప్యాకెట్టుని నమ్మడమేమిటి? ఈ వాదన మొదటిసారి చదివినప్పుడు నాకు ఎంత నచ్చిందంటే, ఆరు నెలలు మీటింగుల్లో నా సొంతమైనట్టు వాడేశాను.

మేం కట్టింది ఇలా ఉంటుంది. పైపు లేదు. ప్రతి అప్లికేషన్‌కీ ముందు, క్లౌడ్‌లో, ఒక మధ్యవర్తి ఉంటాడు. మీరు టైమ్‌షీట్ తెరవాలంటే ముందు అతని దగ్గరికి వెళ్తారు. మీరెవరో అడుగుతాడు, ఫోన్లో ఓకే కొట్టిస్తాడు. మీ చేతిలో ఉన్నది కంపెనీ ల్యాప్‌టాపేనా అని దాంట్లో దాచిన సర్టిఫికెట్ చూస్తాడు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందా, ప్యాచ్‌లు వేసుకున్నారా అని నాడి పడతాడు. అన్నీ కుదిరితే టైమ్‌షీట్ ఒక్కటే తెరుస్తాడు. పక్కనే పేరోల్ ఉన్న సంగతి కూడా మీకు తెలియదు. ఆ సర్వర్లకి బయటివైపు తలుపే ఉండదు. లోపల ఉన్న చిన్న ప్రోగ్రాం ఒకటి తనే బయటికి వచ్చి, మధ్యవర్తి దగ్గర మిమ్మల్ని కలుస్తుంది. ఇదంతా ఒకసారి అయ్యాక కూడా అతను నిద్రపోడు. ఏ కాస్త తేడా వచ్చినా మళ్ళీ మొదటికి.

సాహిత్యం పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి దీన్ని టీముకి వివరించడానికి సుందరకాండ వాడుకున్నాను. సన్యాసి వేషాన్ని నమ్మి ఒకసారి మోసపోయిన సీత, చెట్టు మీద కోతి రామా రామా అనగానే నమ్మదు. రావణుడే వేషం మార్చాడేమో అనుకుంటుంది. రాముడి ఒంటిమీద గుర్తులు చెప్పమంటుంది. అతను చెబుతాడు, ఆ తర్వాత ఉంగరం ఇస్తాడు. తెలిసిన విషయం ఒకటి, చేతిలో ఉన్న వస్తువు ఒకటి: రెండంచెల తనిఖీ. తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ కూడా చూడామణితో పాటు, తమ ఇద్దరికే తెలిసిన కాకి కథ చెప్పి పంపుతుంది. స్లైడుకి బాగా చప్పట్లు పడ్డాయి. చివర్లో టెస్టింగ్ టీము అమ్మాయి ఒకావిడ, "మరి యుద్ధకాండలో ఆవిణ్ణే తనిఖీ చేశారుగా సార్, పాసయ్యాక కూడా ఉత్తరకాండలో సెషన్ కట్ చేశారు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొదటి మూడు నెలలు మాకు వచ్చిన తిట్లకి అంతులేదు. ముఖ్యంగా "అసాధ్య ప్రయాణం" అనే నియమానికి. ఒక ఖాతా ఇప్పుడు చెన్నైలో, పది నిమిషాల తర్వాత ముంబైలో కనబడితే దొంగ లాగిన్ అనుకుని ఆపేస్తుంది. కాగితం మీద అద్భుతం. కానీ మన మొబైల్ నెట్‌వర్కుల ఐపీ అడ్రసులు ఏ ఊళ్ళో తేలతాయో దేవుడికెరుక. రాజమండ్రిలో కూర్చున్న మనిషి ఇంటి బ్రాడ్‌బ్యాండ్ పోయి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారితే చాలు, మా సిస్టమ్ దృష్టిలో విమానం కంటే వేగంగా బొంబాయి వెళ్ళిపోయేవాడు. కరెంటు పోయిన ప్రతిసారీ మావాళ్ళు దేశాటన చేశారు.

అన్నింటికన్నా ఎక్కువ ప్రయాణాలు చేసింది మా అన్న. సొంత అన్న కాదు. కరీంనగర్ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద, నన్ను ఈ కంపెనీలోకి రిఫర్ చేసినవాడు. సబ్‌నెట్ లెక్కలు టిష్యూ పేపర్ మీద నేర్పినవాడు. లాక్‌డౌన్ తర్వాత అమ్మకి బాగాలేక ఊళ్ళోనే ఉండి పనిచేసేవాడు. వారానికోసారి ఫోన్ చేసేవాడు: "తమ్మీ, మీ సిస్టమ్ నన్ను మళ్ల బొంబాయి తోలింది. వాపస్ తీస్కరారాదు." నేను నవ్వుతూ తెరిచేవాణ్ణి.

ఇక్కడ మా నాన్న సంగతి కొంచెం చెప్పాలి. ఆయన రేపల్లెలో ఒక బ్యాంకు బ్రాంచిలో హెడ్ క్యాషియర్‌గా రిటైరయ్యాడు. నేను సెలవుల్లో వెళ్ళినప్పుడు జీరో ట్రస్ట్ మీద ఉపన్యాసం ఇస్తే, పేపరు మడిచి పక్కన పెట్టి, "దీనికింత హడావిడా" అన్నాడు. స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలు. ఒక చెవి ఆయన దగ్గర, రెండోది మేనేజరు దగ్గర. ఇద్దరూ ఉంటేనే తెరుచుకుంటుంది. మారుచెవులు ఆ బిల్డింగులోనే ఉండవు, వేరే బ్రాంచిలో ఉంటాయి. "అంటే మీరు ఒకళ్ళనొకళ్ళు నమ్మలేదన్నమాట" అన్నాను, పాయింటు దొరికిందని.

"ఎవరన్నారు? ఆయన కూతురి పెళ్ళికి వంటవాళ్ళని మాట్లాడింది నేనేరా. రేపు వెయ్యి రూపాయలు తగ్గితే ఆయన నన్ను, నేను ఆయన్ని అనుమానించే అవసరం రాకుండా ఆ రెండో తాళం."

రిటైరైన రోజు సంగతి కూడా అప్పుడే చెప్పాడు. సాయంత్రం కొత్తగా వచ్చినావిడతో కలిసి నగదు మొత్తం లెక్క చూసుకుని, చెవి ఆవిడ చేతిలో పెట్టి, తాళాల రిజిస్టర్లో ఇద్దరూ సంతకం చేశారు. చెయ్యి ఖాళీ అయినట్టుంది అన్నాడు. అంతకుమించి ఏం చెప్పలేదు.

2023లో ఒక మంగళవారం సాయంత్రం నాకు 41 పేర్లున్న ఫైలు వచ్చింది. ఉదయం తొమ్మిదిన్నరకి ఆ ఖాతాలు ఆగిపోవాలి. ఎవరికీ చెప్పకూడదని సంతకం తీసుకున్నారు. పాత పద్ధతిలో ఈ పనికి రోజులు పట్టేది, ఒకచోట తీసేస్తే ఇంకోచోట మిగిలేది. మేం కట్టినదానిలో ఒక్క చోట ఆపితే అన్నీ ఒకేసారి మూసుకుంటాయి. మా డిజైన్ పత్రంలో దీన్ని ఒక గుణంగా రాసింది నేనే. ఇరవై మూడో వరసలో అన్న పేరుంది.

ఆ రాత్రి ఏం చేశానని అడిగితే చెప్పడానికేం లేదు. స్క్రిప్టుని రెండుసార్లు పరీక్షించాను. అన్నం తిన్నాను.

హెచ్‌ఆర్ వాళ్ళ ఫోన్ కాల్స్ పదింటికి. ఆ కాల్ ఆహ్వానాలు వెళ్ళింది ఆఫీసు మెయిల్‌కి, అది అప్పటికే అరగంటగా మూసి ఉంది. దీన్ని ఎవరూ ఆలోచించలేదు. 9:36కి నా ఫోన్ మోగింది.

"తమ్మీ, లోపలికి పోనిస్తలేదు. పదింటికి క్లయింట్ కాల్ ఉన్నది. బొంబాయి పంచాయితే మళ్ల. జర సూడు."

"చూస్తానన్నా" అన్నాను. అక్కడితో ఆగినా సరిపోయేది. కానీ అటువైపు నిశ్శబ్దం భరించలేక, "ఒకసారి పెండింగ్ అప్‌డేట్స్ ఏమైనా ఉంటే వేసి రీస్టార్ట్ చెయ్యి" అని కూడా అన్నాను.

తర్వాత లాగులు తెరిచి కూర్చున్నాను. అందులో మనిషి కనబడడు, ప్రయత్నాలు కనబడతాయి. 9:38, తిరస్కరణ. 9:41, తిరస్కరణ. తర్వాత ఎనిమిది నిమిషాల ఖాళీ: అప్‌డేట్ వేస్తున్నాడన్నమాట. 9:49, కొత్త వెర్షన్‌తో. పరికరం: సరిగ్గా ఉంది. డిస్క్: ఎన్‌క్రిప్ట్ అయింది. ప్యాచ్‌లు: తాజా. ఖాతా: నిలిపివేయబడింది. నెట్‌వర్క్ మార్చాడు. మళ్ళీ పాత నెట్‌వర్క్‌కి వచ్చాడు. మొత్తం 14 సార్లు. ప్రతిసారీ ఆయన ముందు తెరమీద వచ్చింది ఒకటే పేజీ: మీకు అనుమతి లేదు, మీ పరికరం సెట్టింగులు సరిచూసుకుని మళ్ళీ ప్రయత్నించండి. ఆ వాక్యం ఎవరు రాశారో వేరే చెప్పక్కర్లేదు.

రెండు వారాల తర్వాత హైదరాబాద్ వచ్చాడు. సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో కలిశాం. రెండు చాయ్‌లు అయ్యేదాకా అమ్మ ఆరోగ్యం, ఇంటర్వ్యూలు. అప్పుడు అడిగాడు.

"ఫోన్ చేసిన్నాడు నీకు ఎరుకేనా?"

"తెలుసన్నా."

"చెప్పకపోతే చెప్పకపోతివి. నౌకరీ, నాకు తెల్వదా. గా అప్‌డేట్ ఎందుకు ఏపిస్తివిరా?"

సమాధానం లేదు నా దగ్గర. బిల్లు నన్ను కట్టనివ్వలేదు.

ముందు మనిషికి చెప్పి తర్వాత ఖాతా ఆపాలని మీటింగులో అడిగాను. ఒప్పుకోలేదు. వాళ్ళ కారణాన్ని కొట్టిపారేయలేను. వెళ్ళిపోతున్నామని తెలిసిన గంటలో ఫైళ్ళు దింపుకున్నవాళ్ళు ఉంటారు. నేను కాపలా కాసే సిద్ధాంతం ప్రకారమే అది నిజం. మరీ మాట్లాడితే జీతాల పట్టిక చూసినవాణ్ణి నేనే. ఆహ్వానాలు మాత్రం ఇప్పుడు సొంత ఫోన్లకి వెళ్తున్నాయి. ఇంకోటి, ఆ పేజీ మార్చడానికి ఒప్పుకున్నారు. "ఇది మీ ల్యాప్‌టాప్ లోపం కాదు" అన్న వాక్యాన్ని లీగల్ వాళ్ళు కొట్టేశారు, అది ఏదో ఒప్పుకున్నట్టవుతుందట. "మళ్ళీ ప్రయత్నించనవసరం లేదు, ఈ నంబరుకి ఫోన్ చేయండి" అన్నది మిగిలింది. నంబరు ఎత్తేది మనిషే ఉండాలని పట్టుబట్టాను. ఏడు మాటల కోసం పదకొండు మెయిళ్ళు.

ఈ ఏడాది మళ్ళీ ఒక జాబితా వచ్చింది. చిన్నదే, తొమ్మిది పేర్లు. ఆ పొద్దున లాగులు తెరవకూడదనుకున్నాను, తెరిచాను. ఆరుగురు ఒక్కసారే ప్రయత్నించారు. ఇద్దరు రెండుసార్లు. ఒకరు మాత్రం పదకొండు సార్లు.