ముందు అన్నం తిను

సావనీరుకి ఏదైనా వ్రాయమని యూనియన్ కార్యదర్శి అడిగితే, మా హాస్టలు మెస్సు సాంబారు మీద నవ్వు పుట్టించే వ్యాసమొకటి మొదలుపెట్టాను. రెండు పేజీలయ్యాక చింపేశాను. రెండేళ్ళుగా మనసులో నలుగుతున్న సంగతి వేరే ఉంది. నేను బి.ఎస్‌సి. విద్యార్థిని, ప్రాక్టికల్ రికార్డులు తప్ప మరేమీ వ్రాసి ఎరుగను. తప్పులుంటే మన్నించండి.

పేర్లు చెప్పను, ఊరు చెప్పను. పల్లెటూళ్ళో అందరికీ వరసలుంటాయి గనుక ఆమెను వదిన అంటాను. నిజంగా చుట్టమా కాదా అన్నది మీకు అక్కర్లేదు. బిడ్డ ఆనవాలు బయటపెట్టకూడదని పోక్సో చట్టం చెబుతోంది. అది చెప్పకపోయినా పెట్టేవాణ్ణి కాదు.

అవి మిరపకోతల రోజులు. పొద్దున్నే పొలానికి వెళ్ళిన ఆడవాళ్ళు దీపాలవేళకి గాని ఇల్లు చేరరు. బడి వదిలాక వదిన కూతురు తెలిసినవాళ్ళింట్లో ఉండేది. ఓ రాత్రి జడ విప్పుతుంటే, "అమ్మా, రేపట్నుంచి నేనా ఇంటికి పోను" అందట. ఎందుకే అంటే చెప్పింది. చిన్నపిల్ల, తనకొచ్చిన మాటల్లోనే చెప్పింది.

పిల్లని నిద్రపుచ్చి, అత్తగారిని పక్కన పడుకోమని, వదిన ఆ రాత్రే మా దొడ్లోకి వచ్చింది. నేను సెలవలకి ఇంటి దగ్గరున్నాను. అమ్మ గేదెకి మేత వేస్తోంది. వదిన గుంజ పట్టుకుని నిలబడి రెండు ముక్కల్లో చెప్పి, అక్కడే కూలబడిపోయింది. చదువుకున్నవాణ్ణి కదా, ముందు నోరు తెరిచింది నేనే.

"ఇన్నాళ్ళూ నువ్వు కనిపెట్టలేదా వదినా?" అన్నాను.

అమ్మ నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. "నువ్వు లోపలికి పోరా" అని, వదిన పక్కన ఆ పేడలోనే కూర్చుంది. గోడ అవతల నుంచి విన్నాను. "నిన్ను నమ్మబట్టేగా పిల్ల నీతో చెప్పింది. నమ్మకం లేకపోతే చెప్పేదా? ముందు అన్నం తిను. పొద్దున్నే చేయాల్సినవి చాలా ఉన్నాయి."

లాబ్‌లో మాకు మొదటిరోజే చెబుతారు: ఆసిడ్ ఒంటిమీద పడితే ముందు ధారగా నీళ్ళు పొయ్యాలి, ఎవరు ఒలకబోశారన్నది తర్వాత. ఆ పూట నాకది గుర్తురాలేదు. వేలిముద్ర వేసే మా అమ్మకి మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

మర్నాడు 1098కి ఫోను చేసింది నేను. ఊళ్ళో ఒకరిద్దరు పెద్దమనుషుల్లో తేల్చుకుందామన్నారు. పరువు మాట ఎత్తారు, ఎవరి పరువో నాకర్థం కాలేదు. ఇలాంటిది తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకి చెప్పితీరాలని 2012 నాటి ఆ చట్టంలో ఉంది. పిల్ల మాట వ్రాసుకోవడానికి మహిళా ఎస్సై యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చింది. తల్లిని పక్కన కూర్చోబెట్టుకునే అడిగింది. ఇవన్నీ కాగితం మీది మాటలే అనుకునేవాణ్ణి.

పిల్ల సంగతి అందరూ అడిగారు. కేసు సంగతీ అడిగారు. వదిన సంగతి అడిగినవాళ్ళు లేరు. అన్నయ్య ఆమెతో మాట్లాడ్డం తగ్గించాడు. "నువ్వు కోతకి పోబట్టే" అంది అత్తగారు. నేనన్నదీ అదేగా, కాస్త చదువుకున్న భాషలో.

జిల్లా కేంద్రంలో కౌన్సెలర్ ఒకామె వదినతో విడిగా చాలాసేపు కూర్చుంది. పిల్లని మళ్ళీమళ్ళీ తవ్వి అడగొద్దంది. బడి, ఆట, నిద్ర ఎప్పటి వేళకే జరగనివ్వమంది. చెప్పి మంచిపని చేశావు, తప్పు నీది కాదు, నేను నమ్ముతున్నాను, ఈ మూడూ పిల్లతో అంటూండమంది. పిల్ల ముందు దిగులు పట్టలేకపోతే ఇక్కడికొచ్చి ఏడవమంది. చివర్న, "నీకు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగిందట. వదిన గంటసేపు ఏడ్చిందని అమ్మ చెప్పింది.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం ప్రకటించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగితే, 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. చేసినవాళ్ళలో సగం మంది తెలిసినవాళ్ళే. అంకెలు చూడ్డం మాకు అలవాటు గనుక ఆ లెక్క చాలాసేపు చూశాను. ఒక్కో బిడ్డ వెనక ఒక వదినో, ఒక ముసలి అమ్మమ్మో ఉండి ఉంటుంది. వాళ్ళకి నిద్ర పట్టిందో లేదో ఆ లెక్కలో లేదు.

విచారణ అయ్యేవరకు కుటుంబానికి తోడుండే సహాయ వ్యక్తిని శిశు సంక్షేమ కమిటీ ఇవ్వచ్చునని 2020 నాటి నియమాల్లో ఉంది. వదినకీ ఒకామెని ఇచ్చారు, మంచిది. కాని ఆమె వచ్చి మిరపకాయలు కొయ్యదు కదా! వాయిదాకి వెళ్ళిన ప్రతిసారీ చేలో కాయ పండి రాలిపోతుంటే, అమ్మ మరో ముగ్గుర్ని పోగుచేసి వదిన వాళ్ళ అరెకరమూ కోసింది. గేదె పాలు పిండింది. కారేజీ కట్టి బస్సెక్కించింది. కారణం ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ఆనాటి నా మాటకి క్షమించమని వదినని అడిగాను. అడగడానికి రెండేళ్ళు పట్టింది. వదిన బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు.

"నువ్వు ఒక్కసారే అడిగావు అబ్బాయ్. నేను రోజుకి వందసార్లు అడుక్కున్నాను. ఇప్పుడు కాస్త తగ్గిందిలే."

ఇంతలో పిల్ల వచ్చి, రిబ్బను కనబడ్డం లేదని గోల మొదలుపెట్టింది. వదిన చేట పక్కన పెట్టి లేచింది.