మూత్రం వెనక్కి పోకుండా ఆపేది ఏది?

పిల్లల మూత్రకోశ శస్త్రచికిత్స నా వృత్తి. మూత్రం పోసేటప్పుడు తీసే ఎంసీయూ ఎక్స్‌రే చూపించి, మూత్రం కిడ్నీ వైపు ఎగదన్నుతోందని, అంటే రిఫ్లక్స్ ఉందని చెప్పగానే తల్లిదండ్రులు తరచూ అడుగుతారు: "అక్కడ వాల్వు పాడైందా డాక్టర్ గారూ?"

అక్కడ వాల్వు అంటూ విడిగా ఏదీ లేదు. ఉన్నదల్లా కండరాల అమరికే.

కిడ్నీ నుంచి మూత్రాన్ని తెచ్చే, పెద్దవాళ్లలో 25 నుంచి 30 సెంటీమీటర్లుండే మూత్రనాళం మూత్రాశయంలోకి నేరుగా దిగదు. గోడలోంచి ఏటవాలుగా దూరి, లోపొర కింద కొంత దూరం సాగి, అప్పుడు తెరుచుకుంటుంది. ఈ సొరంగంలో నాళానికి నిలువు కండర పోగులే మిగులుతాయి. నోటి దగ్గర అవి విసనకర్రలా విచ్చుకుని, ట్రైగోన్ అనే ముక్కోణపు భాగంలో పరుచుకుంటాయి. కుడివైపు పోగులు ఎడమవైపు వాటితో కలిసిపోతాయి. బయట వాల్డేయర్ తొడుగు నాళాన్ని మూత్రాశయానికి పట్టి ఉంచుతుంది.

మూత్రాశయం నిండేకొద్దీ లోపలి ఒత్తిడి నాళాన్ని వెనకనున్న కండరానికి అదిమి మూసేస్తుంది. విసర్జన వేళ ట్రైగోన్ బిగిసి నాళం నోటిని కిందికి లాగుతుంది. సొరంగం సాగి, మూత మరింత గట్టిపడుతుంది.

అందుకే ఆపరేషన్‌లో మేము నోటిని బిగించం. బిగిస్తే మూత్రం దిగడానికే అడ్డమవుతుంది. నాళానికి చాలినంత సొరంగం, దాని వెనక గట్టి కండరం ఏర్పాటు చేస్తాం. సొరంగం పొడవు నాళం వెడల్పుకు ఐదింతలుండాలని 1959లో పాక్విన్ అనే వైద్యుడు చెప్పిన లెక్క మాకు ఇప్పటికీ కొలమానమే. కోహెన్ పద్ధతిలోనైతే నాళాన్ని ట్రైగోన్ మీదుగా అడ్డంగా అవతలి పక్కకు నడిపిస్తాం. అక్కడ పొడవుకు కొదవ ఉండదు.

అందరికీ కత్తి అక్కర్లేదు. పుట్టినప్పుడు పొట్టిగా ఉన్న సొరంగం బిడ్డతో పాటే పెరుగుతుంది. తక్కువ తీవ్రత ఉండే ఒకటి, రెండు గ్రేడుల రిఫ్లక్స్ చాలామంది పిల్లల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఆ లోపు ఇన్ఫెక్షన్ కిడ్నీని చేరకుండా కాపాడుకోవడమే మన పని. మలబద్ధకం రానివ్వకండి, మూత్రం ఆపుకోనివ్వకండి. జలుబూ దగ్గూ ఏమీ లేకుండా పసిబిడ్డకు జ్వరం వస్తే వెంటనే డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి. సొరంగం పెరిగేదాకా ఆగవచ్చు. ఇన్ఫెక్షన్ వల్ల కిడ్నీ మీద పడిన మచ్చ మాత్రం పోదు.