సౌండు తగ్గించండి

యుద్ధం అంటే మా ఇంట్లో మొదట వినిపించేది సైరన్ కాదు. "ఆవాజ్ కమ్ కరో" అనే మాట. సౌండు తగ్గించండి అని. 1971 డిసెంబర్లో మా దాదీ మా దాదాతో అన్నారు. 1999లో అమ్మీ అబ్బాతో అంది. 2025 మే నెలలో మేమే మా పిల్లవాడితో అన్నాం. ఈ మాట మాకెవరూ నేర్పలేదు.

మాది పలాస, కాశీబుగ్గ వైపు. శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా ఉండరు. నిజాం కాలంలో చికాకోల్ సర్కారు అని పేరుపడ్డ చోటే, అయినా అంతే. హైదరాబాద్ మిత్రులు "అక్కడ కూడా మనవాళ్ళున్నారా" అని ఆశ్చర్యపోతారు. ఉన్నాం. బేరాలు తెలుగులో, తగాదాలు తెలుగులో, ఉర్దూ గడప లోపల. ఆ ఉర్దూ విని మళ్ళీ ఆ హైదరాబాద్ మిత్రులే నవ్వుతారు, అది వేరే సంగతి.

మా దాదా దర్జీ. ఆయన మిషను పక్కన ఒక మర్ఫీ రేడియో ఉండేది. ఏటా పోస్టాఫీసులో లైసెన్సు డబ్బులు కట్టి ముద్ర వేయించుకొచ్చేవారు. రాత్రిపూట ఆకాశవాణి ఉర్దూ సర్వీసు పెట్టేవారు. ఆ సర్వీసుని 1965 యుద్ధంతో పెంచింది మన ప్రభుత్వమే, అవతలివాళ్ళ చెవిన మన మాట వెయ్యడానికి. కానీ వీధిలో పోయేవాడికి ఆ సంగతేం తెలుసు? సాయిబు ఇంట్లోంచి ఉర్దూ వార్తలు వినిపిస్తే అది పాకిస్తాన్ రేడియోయే.

1971 డిసెంబర్ 3న యుద్ధం మొదలైంది. ఆ అర్ధరాత్రి విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మాకది రెండు వందల కిలోమీటర్ల దూరం, కానీ సముద్రం ఒకటే కదా. భావనపాడు, బారువ వైపు ముసలివాళ్ళకి పాత యుద్ధం గుర్తుకొచ్చింది. 1942లో రంగం నుంచి అడవుల వెంట కాళ్ళీడ్చుకుంటూ వచ్చినవాళ్ళు ఈ తీరంలో చాలామంది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆపైన 1969 నుంచి ఉద్దానంలో పోలీసులు నక్సలైట్ల కోసం వెతుకుతూనే ఉన్నారు. రాత్రిపూట తలుపు కొడితే ఉలిక్కిపడటం మావాళ్ళ కొక్కరికే కాదు, ఊళ్ళన్నిటికీ అలవాటైన కాలం.

పలాస మీద బాంబు ఎవడు వేస్తాడో మాకిప్పటికీ అర్థం కాదు. కానీ హౌరా-మద్రాసు లైను, స్టేషను, ఇంజన్లు ఉన్నాయి. కిటికీలకి నల్లగుడ్డలు కట్టుకోవాలన్నారు. జనం గుడ్డ పట్టుకుని దాదా దగ్గరికి వచ్చారు. ఆయన పగలంతా పరదాలు కుట్టేవారు, కొందరి దగ్గర కూలి తీసుకోలేదు. మా ఇంటి కిటికీ మాటకొచ్చేసరికి బజార్లో నల్లగుడ్డ అయిపోయింది. దాదీ తన బురఖా విప్పదీసి మేకులకి కొట్టారు. మా దాదీ బురఖా దేశరక్షణకి పనికొచ్చిన సంగతి ఏ పేపర్లోనూ రాలేదు.

పరదాల కోసం వచ్చినవాళ్ళే చీకటి పడ్డాక మళ్ళీ వచ్చారట. "ఏటి సాయిబూ, ఏటంతంది మీ రేడియో? ఆళ్ళేటి సెప్తన్నారు?" అని. వాళ్ళది అనుమానం కాదు, ఆత్రం. ఊళ్ళో ఆ భాష తెలిసినవాడు దాదా ఒక్కరే. పాకిస్తాన్ వార్త చెప్పమని బతిమాలారు. దాదా చెప్పలేదు. చెబితే విన్నట్టు ఒప్పుకోవాలి. మర్నాటి నుంచి విజయవాడ కేంద్రం తెలుగు వార్తలు వీధి చివరికి వినపడేలా పెట్టారు. ఉర్దూ మాత్రం లోపలి గదిలో, చెవి ఆనించి. అది కూడా మన ఆకాశవాణే.

అసలు భయం రేడియో కాదు. అది మాకు చాలా తర్వాత తెలిసింది.

దాదీ తమ్ముడొకరు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. శ్రీకాకుళం నుంచి అక్కడికి పోయిన వేలమందిలో ఒకరు. 1947లో రైల్వే ఉద్యోగులని ఏ దేశంలో పనిచేస్తావని అడిగారు. ఆయన పాకిస్తాన్ అని రాసి, తూర్పు బెంగాల్లోని సైద్‌పూర్ వర్క్‌షాపుకి వెళ్ళారు. సెలవు మీద వచ్చినట్టే ఏడాదికో ఉత్తరం వచ్చేది. ఉర్దూలో రాసినా మధ్యలో మన తెలుగు మాటలు దొర్లేవట.

1971లో అక్కడ పాకిస్తాన్ సైన్యం బెంగాలీలని ఊచకోత కోసింది. దాదాపు కోటి మంది ఇటు పారిపోయి వచ్చారు. సైన్యంతో చేతులు కలిపినవాళ్ళు ఉర్దూ మాట్లాడేవాళ్ళలో ఉన్నారు. ఆ తర్వాత పగ చేతులు కలపనివాళ్ళ మీద కూడా పడింది. ఉర్దూవాళ్ళందరికీ అక్కడ 'బీహారీలు' అని ఒకటే పేరు. బీహార్ మొహం చూడని మా శ్రీకాకుళం మనిషి కూడా బీహారీయే అయ్యాడు. క్యాంపుల్లో మిగిలినవాళ్ళ పౌరసత్వం సంగతి ఢాకా హైకోర్టు 2008లో తేల్చింది. ఆయన క్యాంపు దాకా వచ్చారో లేదో.

ఉత్తరాలు ఆగిపోయాయి. దాదీ ఎవరినీ అడగలేదు. అడగాలంటే తమ్ముడు ఎక్కడున్నాడో ముందు చెప్పాలి కదా. ఆ నవంబర్ 15 నుంచి కవరు మీద అయిదు పైసల శరణార్థి సహాయం స్టాంపు అదనంగా అంటించాలన్న నియమం వచ్చింది. 1973 మార్చి దాకా దేశమంతా అంటించింది. 1994లో దాదీ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో ఒక కవరు దొరికింది. సైద్‌పూర్ అని దాదా రాతలో ఉర్దూ చిరునామా, ఆ అయిదు పైసల స్టాంపు. లోపల కాగితం ఉంది. పోస్టు చెయ్యలేదు.

డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. పలాసలో మిఠాయిలు పంచారు, దాదా కూడా పంచారు. ఆయనది నటన అని మేమనుకోం. గెలిచినందుకు సంతోషించారు, బావమరిది ఏమయ్యాడోనని ఏడ్చారు. రెండోది ఇంట్లో. యుద్ధం పదమూడు రోజులు. దాని పేరుతో పెట్టిన ఎమర్జెన్సీ 1977 మార్చి దాకా తీయలేదు. రేడియో సౌండు ఆ తర్వాత కూడా పెరగలేదు.

కార్గిల్ నాటికి మేము డిగ్రీ ముగించి ఒక పత్రికకి వార్తలు పంపుతున్నాం. ఉద్దానంలో సైన్యంలో పిల్లలున్న ఇళ్ళు చాలా. ఫోను మోగితే ఆ ఇళ్ళలో ఊపిరి ఆగేది. ఆ బాధ ముందు మాది ఎంత అని ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా చెప్పాలి. ఆ జూన్‌లో కేబుల్లో పాకిస్తాన్ టీవీ నిషేధించారు. అబ్బా దాంట్లో నాటకాలు చూసేవాడు. ఇకమీదట ఉర్దూ సీరియల్ ఏదొచ్చినా అమ్మీ లేచి సౌండు తగ్గించేది. విరాళాలు పోగయ్యాయి. జీడిపప్పు వ్యాపారులిచ్చారు, టీచర్లిచ్చారు, మసీదు కమిటీ ఇచ్చింది. మూడు వార్తలూ రాసి పంపింది మేమే. 'వ్యాపారుల విరాళం', 'ఉపాధ్యాయుల విరాళం' అని వచ్చాయి. మూడోదానికి 'ముస్లింల దేశభక్తి' అని శీర్షిక పెట్టారు. డెస్కులో ఆ మిత్రుడు మంచివాడే. మమ్మల్ని సంతోషపెట్టాననుకున్నాడు. అతనే తర్వాత ఫోన్ చేసి, "ఉర్దూ వచ్చు కదా, వాళ్ళ పత్రికలేమంటున్నాయో రాసిపెట్టు" అన్నాడు. దాదా తప్పించుకున్న పని మేము చేశాం. బైలైన్ వద్దన్నాం.

2025 మే 7న విశాఖలో మాక్ డ్రిల్ జరిగింది. ఆ రాత్రి మా పిల్లవాడు ఫోన్‌లో గజల్ వింటున్నాడు, పాడేది లక్నో అమ్మాయి. కిటికీ తెరిచి ఉంది.

"సౌండు తగ్గించు నాన్నా."

"ఎందుకబ్బా? మన పాటే కదా."

మేమేం చెప్పలేదు. వాడు కాసేపు మా మొహంలోకి చూసి, జేబులోంచి ఇయర్‌ఫోన్స్ తీశాడు.