సెయింట్ కిట్స్: కోట ఒక కథ చెప్తుంది, బీచ్ ఇంకోటి

క్రికెట్ ఫ్యాన్స్‌కి సెయింట్ కిట్స్ అంటే వార్నర్ పార్కే. 2007 వరల్డ్ కప్‌లో హెర్షెల్ గిబ్స్ ఒకే ఓవర్లో ఆరు సిక్సర్లు బాదింది అక్కడే. అంతకు ముందు ఏడాది టెస్టులో మన వీవీఎస్ లక్ష్మణ్ సెంచరీ కొట్టిందీ అక్కడే. నేను వెళ్లిన రోజు గేటు వేసి ఉంది. బయట నుంచే ఒక సెల్ఫీ తీసుకుని, బ్రిమ్‌స్టోన్ హిల్ కోటకి టాక్సీ ఎక్కేశా.

ఈ కరేబియన్ దీవి మొత్తం 170 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. రాజధాని బాస్టెర్ నుంచి పడమటి తీరం వెంట కాసేపు వెళ్తే కోట కొండ. దారి ఎంత ఇరుకంటే, డ్రైవర్ మలుపు మలుపుకీ హారన్ కొడుతూనే ఉన్నాడు.

1690లో బ్రిటిష్ వాళ్లు తొలిసారి ఈ కొండ మీదికి ఫిరంగులు ఎక్కించారు. తర్వాత వందేళ్ల దాకా కడుతూనే వచ్చారు. ప్లాన్ గీసింది బ్రిటిష్ మిలిటరీ ఇంజనీర్లు. నల్లటి అగ్నిపర్వత రాయి కొట్టి, మోసి, పేర్చింది మాత్రం ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. గోడకి పట్టించిన సున్నం కూడా ఈ కొండ రాయిని కాల్చి చేసిందే. 1782లో ఎనిమిది వేల మంది ఫ్రెంచ్ సైనికులు ముట్టడిస్తే, వెయ్యి మందితో దాదాపు నెల రోజులు తట్టుకుందట. మరుసటి ఏడాదే ఒప్పందంలో దీవి మళ్లీ బ్రిటిష్ వాళ్ల చేతికొచ్చింది. యుద్ధం కథ బాగానే ఉంది గానీ, నా కళ్లు ఆ రాళ్ల కూర్పు మీదే ఉండిపోయాయి. సందులో గోరు కూడా దూరదు!

మన గోల్కొండలో గైడ్లు చప్పట్లు కొట్టి చూపిస్తారు. ఆ బండలు మోసిందెవరో నాకైతే ఏ గైడూ చెప్పలేదు. ఇక్కడ అలా కాదు. 1999లో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు, ఇది బానిసల శ్రమతో కట్టిన కోట అని యునెస్కో సూటిగా రాసింది.

బాస్టెర్‌లో ఇండిపెండెన్స్ స్క్వేర్ చూశారా, మధ్యలో ఫౌంటెన్, చుట్టూ పచ్చగడ్డి. ఒకప్పుడు మనుషుల్ని వేలం వేసిన చోటు అది. 1983లో స్వాతంత్ర్యం వచ్చాక పేరు మార్చారు.

ఇక బీచ్‌లు. ఉత్తరాన లియామిగా అగ్నిపర్వతం వైపు ఇసుక నల్లగా ఉంటుంది. దక్షిణాన లేత బంగారు రంగు. దారిలో టిమోతీ హిల్ మీద తప్పకుండా ఆగండి. ఎడమవైపు అట్లాంటిక్, కుడివైపు కరేబియన్, మధ్యలో సన్నటి నేల. చివర్లో కాకిల్‌షెల్ బీచ్, ఎదురుగా మబ్బు కప్పుకున్న నెవిస్ కొండ. ఫొటోలు ఇక్కడే బాగా వస్తాయి, నిజమే. నాకు మాత్రం జనం లేని ఆ నల్ల ఇసుకే నచ్చింది.

మూడు శతాబ్దాలు ఈ దీవిని నడిపిన చక్కెర పరిశ్రమ 2005లో మూతపడింది. చెరకు మోసిన చిన్న రైలు ఇప్పుడు టూరిస్టుల్ని తిప్పుతోంది. క్రూయిజ్ షిప్ వచ్చిన రోజు అందులో సీటు దొరకడం కష్టం. షిప్ లేని రోజు చూసుకుని వెళ్లండి.