తార్నాక నుంచి ఆదిలాబాద్ ఎంత దూరం?

తార్నాకలో ఎవర్నైనా దూరం అడిగి చూడండి. కిలోమీటర్లు చెప్పరు. "మెట్రోలో అయితే పది నిమిషాలు, సాయంత్రం బస్సులో అయితే నీ అదృష్టం" అంటారు. ఓయూ క్యాంపస్‌లో ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లూ, ఇప్పుడు ఇక్కడే రూమ్ తీసుకుని సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నప్పుడూ నాదీ ఇదే లెక్క.

నా రూమ్మేట్‌ది ఆదిలాబాద్. ఓ ఆదివారం సరదాగా ఓ లెక్క వేశాం. తెలంగాణకు ఉత్తరాన రెండు పాత ఎయిర్‌స్ట్రిప్‌లున్నాయి. ఒకటి ఆదిలాబాద్‌లో, ఇంకోటి రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో. వీటి మధ్య విమానంలో ఎంతసేపు పడుతుంది?

ఫోన్‌లో వెతికితే వచ్చే జవాబు వెనక పెద్ద రహస్యమేం లేదు. రెండు చోట్ల అక్షాంశం, రేఖాంశం తీసుకుంటారు. భూమి గుండ్రం కాబట్టి ఆ ఒంపు మీదుగా అతి దగ్గరి దారి కొలుస్తారు. మాకు సుమారు 140 కిలోమీటర్లు వచ్చింది. ఏటీఆర్ లాంటి చిన్న విమానం వేగం గంటకు 500 కిలోమీటర్లు అనుకుంటే 17 నిమిషాలు. టేకాఫ్, ల్యాండింగ్ కోసం ఇంకో అరగంట కలిపితే ముప్పావుగంట. లెక్క కరెక్టే. ఎక్కడానికి విమానమే లేదు! రెండు చోట్లా రెగ్యులర్ సర్వీసులు లేవు. వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టు నిజాం కాలం నాటిది, 1981 దాకా నడిచి ఆగిపోయింది. దాన్ని మళ్లీ తెరిచేందుకు 2025లో కేంద్రం అనుమతిచ్చింది.

ఇప్పుడు స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులు చూడండి. వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. తార్నాక చౌరస్తా నుంచి మా ఇంజినీరింగ్ కాలేజీకి ఇంచుమించు అంతే. మనం ఆర్ట్స్ కాలేజీ మీదుగా కబుర్లు చెప్పుకుంటూ నడిచేస్తాం. అక్కడ మధ్యలో సముద్రం. అందుకే 1967 నుంచి లోగన్ఎయిర్ విమానం నడుపుతోంది. ప్రయాణం రెండు నిమిషాల లోపే. రికార్డు 53 సెకన్లు! పాపా వెస్ట్రే జనాభా వందలోపే. టికెట్ల డబ్బుతో ఆ విమానం గిట్టుబాటు కాదు. అయినా టీచర్లు, పేషెంట్లు వెళ్లాలి కాబట్టి ప్రభుత్వ సాయంతో నడుస్తోంది.

ఇది చదివి రూమ్మేట్ కాసేపు మాట్లాడలేదు. కిందటేడాది ఓ రాత్రి వాళ్ల నాయనమ్మకు సీరియస్ అని ఫోనొచ్చింది. జేబీఎస్‌కు పరిగెత్తి బస్సెక్కాడు. రోడ్డు మీద 300 కిలోమీటర్లు. తెల్లారేసరికి ఊరు చేరాడు, కానీ ఆమె అప్పటికే లేదు. హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్‌కు ఆకాశంలో దూరం 270 కిలోమీటర్లే. మా లెక్క ప్రకారం గంట ప్రయాణం.

విమానం ఉన్నా ఆ అర్ధరాత్రి దొరికేదని చెప్పలేం. కానీ ఒకటి మాత్రం అర్థమైంది. దూరాన్ని మ్యాప్ కొలుస్తుంది. ఊరు దగ్గరా దూరమా అన్నది, అక్కడికి దారి ఉండాలని ఎవరైనా పట్టుబట్టారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

బతుకమ్మ సెలవులు మొదలైన సాయంత్రం తార్నాక చౌరస్తాలో నిలబడి చూడండి. భుజాన బ్యాగులతో జేబీఎస్ వైపు వెళ్లే క్యాంపస్ పిల్లలు కనిపిస్తారు. ఊరెంత దూరమని అడగండి. వాళ్లూ కిలోమీటర్లు చెప్పరు. "పొద్దున్నకల్లా ఇంట్లో ఉంటా అన్నా" అంటారు.