నేల విడవని సాము

ఆధారం లేని ప్రయత్నాన్ని తెలుగువారు ‘నేల విడిచి సాము’ అంటారు. సాము చేసేవాని బలం భుజాలలో కనిపించినా దాని మూలం పాదాలలో ఉంటుంది. పాదం జారితే భుజబలం అక్కరకు రాదు. ఈ మాట యంత్రాలకూ వర్తిస్తుంది. మోటారు సైకిలు ఇంజను ఎంత శక్తిమంతమైనదైనా ఆ శక్తి నేలను చేరేది టైరు ద్వారానే. ఏ క్షణంలో చూసినా ఒక్కొక్క టైరు నేలను తాకేది ఇంచుమించు అరచేయంత మేర మాత్రమే. ముందుకు సాగడం, మలుపు తిరగడం, ఆగడం, చివరకు చోదకుని ప్రాణం, అన్నీ ఆ రెండు అరచేతుల మీదనే ఆధారపడి ఉంటాయి.

ఈ సత్యం ఎండ్యూరో క్రీడలో స్పష్టంగా బోధపడుతుంది. ఎండ్యూరో అంటే ఓర్పునకు పెట్టిన పరీక్ష. అడవి దారులు, వాగులు, కొండవాలులు, ఇసుక మేటల గుండా గంటల తరబడి సాగే మోటారు సైకిలు పోటీ ఇది. 1913లో ఇంగ్లండులోని కార్లైల్ పట్టణం కేంద్రంగా ఆరంభమైన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీ ఈ క్రీడకు మూలస్తంభం. 1981 నుండి దాని పేరులో ‘ఎండ్యూరో’ అనే పదం చేరింది. ఆ పోటీలో చోదకుడు తన బండిని తానే బాగుచేసుకోవాలి. టైరును సైతం నియమిత కాలంలో తన చేతులతోనే మార్చుకోవాలి. ఎంచుకున్నది పొరపాటైతే దాని ఫలితాన్ని దారి పొడవునా తానే అనుభవించాలి.

ఎండ్యూరో బండికి ముందు రిమ్ము సాధారణంగా 21 అంగుళాలు, వెనుక రిమ్ము 18 అంగుళాలు ఉంటాయి. పెద్దదైన ముందు చక్రం రాళ్లను, గుంతలను తేలికగా దాటుతుంది. చదును చేసిన మట్టి బాటలలో పరుగెత్తే మోటోక్రాస్ బండ్లకు వెనుక రిమ్ము 19 అంగుళాలు. ఎండ్యూరోలో ఒక అంగుళం తగ్గించి, టైరు పక్కభాగాన్ని ఆ మేరకు ఎత్తుగా ఉంచుతారు. రాతి దెబ్బను రిమ్ము కంటే ముందు రబ్బరు భరించాలన్నదే ఇందులోని ఆలోచన. టైరు మీద 140/80-18 అని ఉంటే, వెడల్పు 140 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అనగా 112 మిల్లీమీటర్లు, రిమ్ము 18 అంగుళాలు అని అర్థం. అయితే ఈ అంకెలు టైరు కొలతను మాత్రమే తెలుపుతాయి. దాని స్వభావాన్ని తెలిపేవి పైనున్న రబ్బరు బొడిపెలు.

బొడిపెల రహస్యం తెలుగు రైతుకు కొత్త కాదు. వరిమడిలో దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప పట్టీల చక్రాలు బిగిస్తారు. పట్టీలు అడుసులోకి దిగి పట్టు సంపాదిస్తాయి. వాటి నడుమ ఉన్న ఖాళీల గుండా అడుసు జారిపోతుంది. బురద నేలకు తగిన ఎండ్యూరో టైరులో పనిచేసేది ఈ సూత్రమే. దాని బొడిపెలు ఎత్తుగా, ఎడంఎడంగా ఉంటాయి. చక్రం తిరిగే వేగానికి నడుమ చేరిన బురద చిమ్ముకుపోతుంది. ఖాళీలు ఇరుకుగా ఉంటే బురద వాటిలో గట్టిగా నిండి, బొడిపెల టైరు కాస్తా నున్నని టైరుగా మారిపోతుంది. వానకాలంలో నల్లరేగడి చేలో నడిచినవారికి, అడుగడుగుకూ చెప్పు బరువెక్కడం అనుభవమే. ఇసుకలోనూ ఎత్తైన బొడిపెలే మేలు. అవి పడవ తెడ్డువలె ఇసుకను వెనుకకు నెట్టి బండిని ముందుకు నడుపుతాయి.

అదే టైరు గట్టి మొరం నేలమీద శత్రువవుతుంది. అక్కడ బొడిపె నేలలోకి దిగలేదు. దిగలేని బొడిపె బరువుకు వంగుతుంది. మలుపులో ఆ వంపు వల్ల బండి తూలుతుంది. కొంతకాలానికి బొడిపెల అంచులు చిరిగి, కొన్ని మొదలంటా ఊడిపోతాయి. అందుచేత గట్టి నేలకు పొట్టిగా, దగ్గర దగ్గరగా ఉన్న బొడిపెలు కావాలి. ఎక్కువ రబ్బరు నేలను తాకితే పట్టు పెరుగుతుంది.

టైర్ల పట్టికలలో కనిపించే ‘సాఫ్ట్’, ‘ఇంటర్మీడియట్’, ‘హార్డ్’ అనే మాటలు కొత్తవారిని తికమకపెడతాయి. ఇవి చాలావరకు నేల స్వభావాన్ని చెప్పే మాటలు. మెత్తని నేలకు చేసిన టైరులో రబ్బరు తరచుగా గట్టిదే ఉంటుంది. బొడిపె వంగకుండా మట్టిలోకి దిగాలి గదా! గట్టి నేలకు చేసిన టైరులో రబ్బరు కొంత మెత్తగా ఉండి, నేల ఎగుడుదిగుడులకు అనుగుణంగా ఒదుగుతుంది. పేరు చూసి కొనేవాడు సరిగ్గా తలకిందులైన టైరును ఇంటికి తెచ్చుకునే ప్రమాదం ఉంది.

తడిసిన బండరాళ్లు, నాచు పట్టిన చెట్ల వేళ్లు ఎదురైతే సమస్య మరొక రూపం దాలుస్తుంది. అక్కడ దిగడానికి మట్టి ఉండదు. బంకవలె అంటుకునే అతి మెత్తని రబ్బరు మాత్రమే పట్టునిస్తుంది. ఆ మెత్తదనానికి మూల్యం ఉంది. అటువంటి టైరు త్వరగా అరిగిపోతుంది. ఆస్ట్రియాలోని ఐసెనెర్జ్ దగ్గర ఉన్న ఇనుప గనిలో 1995 నుండి జరుగుతున్న ఎర్జ్‌బర్గ్ పోటీ ఇటువంటి రాళ్లకు ప్రసిద్ధం. 500 మంది బయలుదేరే తుది పోటీలో నాలుగు గంటల గడువులోగా గమ్యం చేరేవారు అతి కొద్దిమంది. 2015లో అక్కడ ఒక నిట్టనిలువు వాలు వద్ద ముందున్న నలుగురు చోదకులు నిలిచిపోయారు. ఎవరి టైరూ ఎవరినీ పైకి చేర్చలేదు. అప్పుడు వారు పోటీని పక్కనపెట్టి, ఒకరి బండిని మరొకరు లాగి, నెట్టి, నలుగురూ పైకి చేరారు. నిర్వాహకులు నలుగురినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. టైరు సామర్థ్యం ముగిసిన చోట మనిషి చేయి ఆసరా అయింది.

సరైన టైరును ఎంచుకున్నా అందులోని గాలిని మరచిపోరాదు. గాలి తగ్గిస్తే టైరు అణగి ఎక్కువ మేర నేలను తాకుతుంది. పట్టు పెరుగుతుంది. ట్యూబు ఉన్న ఎండ్యూరో టైరులో సాధారణంగా 12 నుండి 15 పి.ఎస్.ఐ. వరకు గాలి ఉంచుతారు. బురదలో ఇంకా కొంత తగ్గిస్తారు. మరీ తగ్గిస్తే రాతికీ రిమ్ముకూ నడుమ ట్యూబు నలిగి, పాము కాటువలె రెండు గాట్లు పడతాయి. టైరు రిమ్ముపై జారి ట్యూబు వాల్వును తెంపకుండా రిమ్‌లాకు అనే చిన్న సాధనాన్ని బిగిస్తారు. పంక్చరు భయమే లేకుండా ట్యూబుకు బదులు ‘మూస్’ అనే నురుగు వలయాన్ని అమర్చేవారూ ఉన్నారు. అయితే తారురోడ్డు మీద ఎక్కువసేపు వేగంగా నడిపితే అది వేడెక్కి పాడవుతుంది. ఏ సౌకర్యమూ ఉచితంగా లభించదు.

ఒకే దారిలో బురద, రాయి, ఇసుక మూడూ ఎదురైతే ఏమి చేయాలి? అనుభవజ్ఞులు సాధారణంగా మధ్యస్థమైన టైరును ఎంచుకుంటారు. అది ఎక్కడా అత్యుత్తమం కాదు, ఎక్కడా నిరుపయోగమూ కాదు. ముందు టైరు విషయంలో వారు మరింత జాగ్రత్త వహిస్తారు. వెనుక చక్రం జారితే సవరించుకునే వీలు తరచుగా ఉంటుంది. ముందు చక్రం జారితే మరుక్షణం చోదకుడు నేలమీద ఉంటాడు.

ఈ ఎంపికలో నేలకు కూడా ఒక హక్కు ఉంది. బొడిపె ఎంత ఎత్తుగా ఉంటే అంత లోతుగా అడవి దారి తవ్వుకుపోతుంది. తరువాతి వాన ఆ చాళ్ల వెంట మట్టిని కొట్టుకుపోతుంది. అంతర్జాతీయ మోటారు సైకిలు సమాఖ్య ఎండ్యూరో నియమాలు వెనుక టైరు బొడిపెల లోతును 13 మిల్లీమీటర్లకు పరిమితం చేశాయి. దమ్ము చక్రాలతోనే ట్రాక్టరును తారురోడ్డు ఎక్కిస్తే ఊరి రోడ్డు ఏమవుతుందో పల్లెవాసులకు తెలుసు. పొలంలో పనిముట్టు అయినది రోడ్డుమీద ఆయుధమవుతుంది.

పట్టణాలలో చూపు కోసం బొడిపెల టైర్లు తగిలించుకునే యువకులు ఆలోచించవలసినది కూడా ఇదే. తారురోడ్డు మీద ఆ బొడిపెల కొసలు మాత్రమే నేలను తాకుతాయి. బ్రేకు వేసినప్పుడు అవి వంగుతాయి. వాన పడిన రోడ్డుమీద బండి అనుకున్న చోట ఆగదు. పందెపు టైర్లు కొన్నింటి పక్కభాగాన, రహదారి మీద వాడరాదన్న హెచ్చరిక అచ్చువేసి ఉంటుంది. దానిని చదవడానికి నిమిషం పట్టదు. చదవకపోతే కలిగే నష్టం చదవనివానితో పాటు వెనుక కూర్చున్నవారిదీ, ఎదుట నడిచి వచ్చేవారిదీ కూడా.

టైర్ల దుకాణంలో అడుగుపెట్టిన ప్రతివారూ ‘ఏది మంచిది?’ అని అడగడం సహజం. ఆ ప్రశ్నకు సమాధానం దుకాణంలో దొరకదు. తాను వెళ్లవలసిన దారి ఎటువంటిదో, అది తడిసినదో ఎండినదో, మెత్తనిదో రాతిదో ముందుగా తెలుసుకున్నవాడే సరైన టైరుతో బయటికి వస్తాడు.